తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారులకు: మ్యాప్స్ లిస్టింగా, సొంత వెబ్‌సైటా, గూగుల్ యాడ్సా?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టినవాళ్లు మొదట అడిగేది ఒకటే: గూగుల్‌లో పైకి రావాలంటే ఏం చెయ్యాలి? నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. మీకోసం వెతికే మనిషి ఎవరు, ఏ ఊళ్లో ఉండి వెతుకుతున్నాడు, ఏ మాటలు టైప్ చేస్తున్నాడు? చేతిలో డబ్బు, టైమ్ రెండూ తక్కువే ఉన్నప్పుడు ముందు దేనిమీద పెట్టాలన్నది ఈ జవాబును బట్టే తేలుతుంది.

మన ప్రాంతంలో ఈ తేడా చాలా ఎక్కువ. తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు వచ్చే గిరాకీ దాదాపు అంతా బయటి ఊళ్లదే. చెన్నైలోనో బెంగళూరులోనో ఇంట్లో కూర్చుని వారం ముందే వెతికేవాళ్లు ఒక రకం. రేణిగుంటలో విమానం దిగో, తిరుపతి స్టేషన్ బయటికి వచ్చో అప్పటికప్పుడు ఫోన్ తీసేవాళ్లు ఇంకో రకం. చిత్తూరులో మామిడి గుజ్జు చేసే యూనిట్‌కు కొనేవాళ్లు గల్ఫ్ దేశాల్లోనో యూరప్‌లోనో ఉండొచ్చు. అదే చిత్తూరులో పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేది ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కల మండలాలవాళ్లు. వీళ్లందరికీ ఒకే ప్యాకేజీ అమ్మజూపేవాళ్ల మాట వినకండి. ఎవరి దారి వాళ్లది.

మ్యాప్స్ లిస్టింగ్ ముందా, వెబ్‌సైట్ ముందా

దగ్గరలో ఉండి వెతికేవాళ్లే మీ కస్టమర్లయితే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాప్స్ లిస్టింగ్, ముందు. వెబ్‌సైట్ తర్వాత చూసుకోవచ్చు. 2021 వరకు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. పైసా ఖర్చు లేదు. "దగ్గర్లో టిఫిన్ సెంటర్", "చిత్తూరు పళ్ల డాక్టర్" అని వెతికితే మ్యాప్‌తో పాటు పైన కనిపించే పేర్లు ఈ ప్రొఫైళ్ల నుంచే వస్తాయి. ఆ పేర్లను ఎలా ఎంచుతారో గూగుల్ తనే చెప్పింది. చూసేవి మూడు: వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరెంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతుల్లో లేదు. మిగతా రెండూ మన చేతుల్లోవే.

ప్రొఫైల్ పెట్టేటప్పుడు ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేవి రెండున్నాయి. ఒకటి కేటగిరీ. లాడ్జి నడుపుతూ హోటల్ అని పెడితే సరే, రెస్టారెంట్ అని పెడితే మాత్రం గదికోసం వెతికేవాళ్లకు మీరు కనిపించరు. రెండోది పిన్, అంటే మ్యాప్‌లో మీ చోటు చూపించే గుర్తు. తిరుపతి సందుల్లో పిన్ కాస్త జరిగిందంటే కస్టమర్ వెనక వీధిలో నిలబడి ఫోన్ చేస్తాడు, లేదా పక్కనున్న ఇంకో లాడ్జిలో దిగిపోతాడు. మ్యాప్‌ను బాగా పెద్దది చేసి, పిన్‌ను మీ గేటు దగ్గరే పెట్టండి. బోర్డు, మెట్లు, పార్కింగ్ కనిపించేలా బయటినుంచి తీసిన ఫోటో ఒకటి తప్పనిసరి. రాత్రి రైలు దిగి వచ్చేవాళ్లకు గది లోపలి ఫోటోకన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

పేరు దగ్గర ఆశపడొద్దు. బోర్డు మీద ఫలానా ట్రావెల్స్ అని ఉంటే ప్రొఫైల్‌లో కూడా అంతే ఉండాలి. దాని వెనక "బెస్ట్ కార్ రెంటల్ ఇన్ తిరుపతి, తిరుమల, కాణిపాకం" అని తోక తగిలించడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఎవరైనా రిపోర్ట్ చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. కష్టపడి తెచ్చుకున్న రివ్యూలు కనిపించకుండా పోయాక ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. రివ్యూలకు డబ్బో డిస్కౌంటో ఇవ్వడం కూడా ఇలాంటి తప్పే. సంతోషంగా వెళ్తున్న కస్టమర్‌ను నోరు తెరిచి అడిగితే చాలు. మంచిదైనా చెడ్డదైనా ప్రతి రివ్యూకి మర్యాదగా జవాబివ్వండి. కొత్తవాళ్లు ఆ జవాబులు చదువుతారు. ఇంట్లోనే పచ్చళ్లు, పిండివంటలు చేసి ఇళ్లకు పంపేవాళ్లు అడ్రస్ దాచిపెట్టి, డెలివరీ ఇచ్చే ప్రాంతాలు మాత్రం చూపించుకునే వీలుంది. అంగడి లేదని ప్రొఫైల్ మానుకోనక్కర్లేదు.

అయితే ప్రొఫైల్‌కు ఒక హద్దుంది. చెన్నైలో ఒక కుటుంబం ఇలా ఆలోచిస్తోందనుకుందాం: "ఆరుగురం ఉన్నాం, దర్శనం అయ్యాక కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా చూడాలి, ఒక్కరోజులో అవుతుందా, ఎంతవుతుంది?" దీనికి జవాబు చెప్పే చోటు ప్రొఫైల్‌లో లేదు. ఈ రెండు క్షేత్రాలూ తిరుపతికి చెరో వైపు ఉన్నాయి. కాణిపాకం సుమారు 70 కిలోమీటర్లు, శ్రీకాళహస్తి దాదాపు 40. ఈ సంగతి మనకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. ఉదయం ఎన్నింటికి బయల్దేరితే రెండూ కుదురుతాయి, రాహుకేతు పూజ చేయించుకుంటే ఎంతసేపు పడుతుంది, ధరలో టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా కలిసి ఉన్నాయా లేవా, కొండపైకి బండి వస్తుందా లేక అలిపిరిలో దించేస్తారా అన్నవి రాసిన పేజీ మీకుంటే, ఆ కుటుంబం ఫోన్ చేసేది మీకే. ముందుగా ప్లాన్ చేసుకుని వచ్చే కస్టమర్ కోసమే సొంత వెబ్‌సైట్.

కాబట్టి నా సలహా: టిఫిన్ సెంటర్, క్లినిక్, మెకానిక్ షెడ్, ట్యూషన్ సెంటర్‌కు ప్రొఫైల్ చాలు. దాన్ని కొన్ని నెలలు శ్రద్ధగా నడిపాక వెబ్‌సైట్ సంగతి చూడొచ్చు. లాడ్జి, ట్రావెల్స్‌కు రెండూ కావాలి. మామిడి గుజ్జు, బెల్లం హోల్‌సేల్‌గా అమ్మేవాళ్లకు, శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, మాధవమాల కొయ్యబొమ్మలు బయటి ఊళ్లకు పంపేవాళ్లకు వెబ్‌సైటే ముఖ్యం. గుజ్జు వ్యాపారులు ఇండియామార్ట్ లాంటి చోట్ల లిస్టింగ్ పెట్టుకోవడంలో తప్పులేదు. కానీ అక్కడ ఒకే ఎంక్వయిరీ పలువురు అమ్మకందార్లకు వెళ్తుంది, బేరం రేటు దగ్గరే ఆగిపోతుంది. సొంత పేజీలో తోతాపురి గుజ్జు, ఆల్ఫాన్సో గుజ్జు వేర్వేరుగా పెట్టి, బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత, అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపిన) డ్రమ్ బరువు, సర్టిఫికెట్లు రాసినప్పుడు కొనేవాడు మిమ్మల్ని మీ సరుకును బట్టి బేరీజు వేస్తాడు.

ఏ మాటల కోసం పోటీ పడాలి

"తిరుపతి హోటల్స్" అన్న మాట మీద పైకి రావాలన్న ఆశ మానుకోండి. పెద్ద బుకింగ్ కంపెనీలు ఆ చోటు పట్టేసుకుని ఏళ్లయింది. పది గదుల లాడ్జికి అక్కడ అవకాశం దాదాపు లేదు. "అలిపిరి దగ్గర ఆరుగురికి ఒకే గది", "తిరుపతి స్టేషన్ దగ్గర కొన్ని గంటలకు రూమ్", "తిరుచానూరులో కారు పార్కింగ్ ఉన్న లాడ్జి" లాంటివి మీరు గెలవగలిగినవి. వెతికేవాళ్లు తక్కువే. వెతికినవాళ్లు మాత్రం గది తీసుకునే ఉద్దేశంతోనే వెతుకుతారు.

ఈ మాటలు కనిపెట్టడానికి టూల్ కొనక్కర్లేదు. గూగుల్ పెట్టెలో "తిరుపతి టు" అని టైప్ చేసి ఆగండి, కింద వచ్చే సూచనలు జనం వెతికేవే. వాట్సాప్‌లో కస్టమర్లు మిమ్మల్ని అడిగిన ప్రశ్నలు అంతకన్నా మంచి ఖజానా. ఒకే ప్రశ్న పదిమంది అడిగారంటే అది పేజీ కావాల్సిన విషయం. గ్రహణం రోజు మిగతా గుళ్లు మూసినా శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది కదా, ఆ రోజు కారు దొరుకుతుందా అని అడిగేవాళ్లుంటారు. దానిమీద ముందే ఒక పేజీ రాసిపెట్టుకున్న ట్రావెల్స్‌వాళ్లకు ఆ రోజు పని దొరుకుతుంది.

తిరుమల చరిత్ర, స్థల పురాణం లాంటి పేజీలతో వెబ్‌సైట్ నింపే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల ఇప్పుడు లాభం ఇంకా తగ్గింది. 2024లో గూగుల్ మన దేశంలో ఏఐ ఓవర్‌వ్యూలు మొదలుపెట్టింది. మామూలు సమాచారం అడిగితే జవాబు ఫలితాల పైనే వచ్చేస్తుంది, కింద సైట్ల దాకా వచ్చేవాళ్లు తగ్గుతారు. మీ ధర, మీ బండి, మీ గది, మీ అనుభవం మాత్రం ఇంకెవరి దగ్గరా ఉండవు. రాయాల్సింది అవే.

గూగుల్ ఫలితాల్లో మీ పేజీ పేరుగా కనిపించే శీర్షిక, అంటే టైటిల్, మీ అంగడి బోర్డు లాంటిది. చాలా సైట్లలో అది "హోమ్" అనో "వెల్‌కమ్ టు అవర్ వెబ్‌సైట్" అనో ఉంటుంది. "తిరుపతి నుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి ఒక్కరోజు కారు ట్రిప్: ధరలు, టైమింగ్స్" అని మార్చండి. ఒక్కో పేజీకి ఒక్కో టైటిల్ ఉండాలి. దాని కింద వచ్చే రెండు లైన్ల వివరణ వల్ల ర్యాంక్ పెరగదు, కానీ చదివి క్లిక్ చేసేవాళ్లు పెరుగుతారు. కీవర్డ్స్ ట్యాగ్‌లో (పేజీ కోడ్‌లో చదివేవాళ్లకు కనిపించని చోట) యాభై మాటలు నింపుతామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

తెలుగా, ఇంగ్లీషా, తమిళమా

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన ఊళ్లలో సైట్లు చాలావరకు ఇంగ్లీషులో మాత్రమే ఉంటాయి, ఆ ఇంగ్లీషు కూడా అరువు తెచ్చుకున్నదే. తిరుపతికి వచ్చేవాళ్లలో తమిళులు, కన్నడిగులు ఎంతమందో ప్రతి లాడ్జివాళ్లకూ తెలుసు. రిసెప్షన్‌లో వాళ్లతో తమిళం మాట్లాడతాం. సైట్‌కు వచ్చేసరికి ఆ భాష గుర్తురాదు.

మీ కస్టమర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లయితే తెలుగు పేజీ పెట్టండి. తెలుగులో మంచి పేజీలు తక్కువ కాబట్టి పోటీ కూడా తక్కువ. ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడి వెతికేవాళ్లు పెరిగారు, వాళ్ల మాటలు తెలుగు లిపిలోకి మారి గూగుల్‌కు చేరుతాయి. అయితే తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవాళ్లు కూడా చాలామంది. అలాంటివాళ్ల కోసం లాడ్జి, రూమ్, ఏసీ, ఇన్నోవా, టెంపో ట్రావెలర్ లాంటి వాడుక మాటల్ని అలాగే వాడండి. వసతి గృహం, శీతలీకరణ సదుపాయం అని రాస్తే ఎవరూ వెతకని మాటలతో పేజీ నిండుతుంది. విదేశాలకు అమ్మేవాళ్లకు ఇంగ్లీషు చాలు. తమిళులు ఎక్కువగా వచ్చే లాడ్జికి ఇంగ్లీషుతో పాటు ఒక్క తమిళ పేజీ ఉన్నా చాలా తేడా వస్తుంది.

ఒక్కో భాషకు ఒక్కో పేజీ, దానికి వేరే వెబ్ అడ్రస్ ఉండాలి. ఒకే పేజీలో మూడు భాషలు కలిపితే గూగుల్‌కీ చదివేవాళ్లకీ ఇబ్బందే. మెషీన్‌తో అనువదించి వందల పేజీలు పోసేయడం అసలు వద్దు. మనిషి చూడకుండా మూకుమ్మడిగా పోసిన పేజీలను గూగుల్ స్పామ్ కింద చూస్తుంది. అనువాదం మెషీన్ చేసినా, ఆ భాష వచ్చిన మనిషి ఒకసారి చదివి సరిచేయాలి. తిరుపతిలో తమిళం చదివేవాళ్లు దొరకడం కష్టమేమీ కాదు.

ఇంకో చిక్కు మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. డీటీపీ సెంటర్లో పాంప్లెట్ కోసం అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్‌ను సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. దాంతో చాలామంది ఆ పాంప్లెట్‌నే ఫోటోగా పెట్టేస్తారు. ఫోటోలోని అక్షరాలు పేజీలో రాసిన మాటలతో సమానం కావు. ధరల పట్టిక, ఫోన్ నంబరు, అడ్రస్ అన్నీ యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే పద్ధతిలో) టైప్ చేసిన అక్షరాలుగా ఉండాలి. నంబరు నొక్కితే నేరుగా కాల్ వెళ్లేలా పెట్టించుకోండి.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్, రెడీమేడ్ సైట్లు

సైట్ దేనితో కట్టుకోవాలన్నదాని మీద వాదనలు ఎక్కువ, తేడా తక్కువ. బ్లాగర్ ఉచితం, గూగుల్‌దే. గూగుల్‌ది కాబట్టి ర్యాంక్ వస్తుందనుకోవద్దు. నాలుగైదు పేజీలతో మొదలుపెట్టేవాళ్లకు సొంత డొమైన్ (సైట్ పేరు) తగిలించుకుంటే అది సరిపోతుంది. వర్డ్‌ప్రెస్ మీ సొంత హోస్టింగ్‌లో (సైట్ ఉంచడానికి అద్దెకు తీసుకునే చోట) పెట్టుకుంటే స్వేచ్ఛ ఎక్కువ, అప్‌డేట్లు చూసుకునే బాధ్యత కూడా మీదే. కలంకారీ చీరలు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకుని అమ్మాలంటే షాపిఫై లాంటివి తేలిక, కానీ నెలనెలా అద్దె కట్టాలి, బయటికి రావాలంటే కష్టం. లాడ్జి, ట్రావెల్స్‌కు నేను వర్డ్‌ప్రెస్ వైపే మొగ్గుతాను.

వర్డ్‌ప్రెస్‌లో ఒకటి మాత్రం తప్పక చూడండి. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చూడొద్దని చెప్పే చిన్న టిక్ ఉంటుంది. సైట్ కట్టేటప్పుడు డిజైనర్లు అది పెట్టి, తీయడం మర్చిపోతారు. నెలలు గడిచినా గూగుల్‌లో ఒక్క పేజీ కూడా రాకపోతే మొదట చూడాల్సింది అదే. ఫోన్‌లో సైట్ ఎలా కనిపిస్తుందో కూడా మీరే చూడండి, గూగుల్ ఇప్పుడు పేజీల మొబైల్ రూపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలని గూగుల్ అంటుంది. ఫోన్ కెమెరాతో తీసిన పెద్ద పెద్ద ఫోటోలను సైజు తగ్గించకుండా ఎక్కించడమే సైట్ నెమ్మదించడానికి చాలాసార్లు కారణం.

డొమైన్ డాట్ కామ్ అయినా డాట్ ఇన్ అయినా లోకల్ వ్యాపారానికి పర్వాలేదు. దేవస్థానం పేరును పోలిన పేరు మాత్రం పెట్టుకోవద్దు. భక్తులు మోసపోయేలా కనిపించే సైట్ మీద ఫిర్యాదులు వస్తాయి, ఆ పేరు మీద నమ్మకం కూడా నిలవదు.

యాడ్స్ ఎప్పుడు, ఎస్ఈఓ ఎప్పుడు

యాడ్స్‌కు డబ్బు కడితే ఈరోజే కనిపిస్తారు, ఆపితే రేపే మాయమవుతారు. యాడ్స్‌కు పెట్టిన డబ్బు మామూలు ఫలితాల్లో ర్యాంక్‌ను పెంచదు. ఎస్ఈఓ అంటే డబ్బు కట్టకుండా మామూలు ఫలితాల్లో పైకి వచ్చేలా పేజీలను సరిచేసుకోవడం. దాని ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లే చెప్పారు. కాబట్టి బ్రహ్మోత్సవాలకు రెండు వారాల ముందు వచ్చి "పండక్కి పైకి తెండి" అంటే యాడ్స్ తప్ప దారి లేదు. వైకుంఠ ఏకాదశికి గదులు నిండాలంటే ఆ పేజీ ఎండాకాలంలోనే రాసుండాలి. మామిడి సీజన్ మేలో ఊపందుకుంటుంది, గుజ్జు పేజీలు సంక్రాంతికల్లా సిద్ధంగా ఉండాలి. ఇలాంటి పేజీని ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టకుండా, అదే అడ్రస్‌లో ధరలు, తేదీలు మారుస్తూ వాడుకోండి.

యాడ్స్ పెట్టేవాళ్లు ప్రాంతం సెట్టింగ్ చూసుకోండి. ట్రావెల్స్ యాడ్‌ను తిరుపతి ఊళ్లోవాళ్లకు చూపిస్తే డబ్బు వృథా, చెన్నై, బెంగళూరుకు చూపించాలి. పళ్ల డాక్టరు యాడ్ బెంగళూరుకు చూపిస్తే అదీ వృథాయే.

మనమే చేసుకోవాలా, ఏజెన్సీకి ఇవ్వాలా

ఇక్కడిదాకా చెప్పినవన్నీ మీరో, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలో చేసుకోగలిగినవే. పది పేజీల్లోపు సైట్ అయితే ఏజెన్సీకి ఇవ్వకండి. వందల వస్తువులున్న సైటు, పాత సైట్ నుంచి కొత్తదానికి మారడం, సైట్‌కు వచ్చేవాళ్లు ఉన్నట్టుండి తగ్గిపోవడం లాంటి వాటికి తెలిసినవాళ్ల సాయం అవసరమే.

ఏజెన్సీకి ఇచ్చేముందు వాళ్లు చెప్పే మాటలు గమనించండి. "నెలలో ఫస్ట్ ర్యాంక్ గ్యారంటీ" అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. నంబర్ వన్ ర్యాంక్‌కు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ స్పష్టంగా చెబుతుంది. "ఐదొందల బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు లింకులు) ఇస్తాం" అన్నా అంతే. కొన్న లింకుల మీద గూగుల్ 2012లో పెంగ్విన్ అనే ర్యాంకింగ్ మార్పు తెచ్చినప్పటి నుంచి ఆ ఆట ప్రమాదకరమే. ఊళ్లో పెళ్లి మండపం సైట్ మీ లాడ్జికి ఇచ్చిన ఒక్క లింకు అంతకన్నా మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, డొమైన్ ఎవరి పేరుమీద ఉంది? డొమైన్, హోస్టింగ్, బిజినెస్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైట్ ఎలా కనిపిస్తోందో చూపించే టూల్) అన్నీ మీ సొంత జీమెయిల్‌తో ఉండాలి. ప్రొఫైల్‌లో ఓనర్, మేనేజర్ అని వేర్వేరు హోదాలున్నాయి. ఓనర్ మీరు, మేనేజర్ వాళ్లు. ఏజెన్సీతో తగువు వచ్చిన రోజున ఈ ఒక్క విషయమే మిమ్మల్ని కాపాడుతుంది.

సెర్చ్ కన్సోల్ ఉచితం, మొదటి వారంలోనే పెట్టించుకోండి. అందులో పర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే జనం ఏ మాటలు వెతికినప్పుడు మీ సైట్ కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటు స్థానం ఎంత అన్నవి వరసగా ఉంటాయి. ఎక్కువసార్లు కనిపించి, స్థానం 8 నుంచి 20 మధ్యలో ఉన్న మాటలు ఏరండి. పేజీ మొదటి పుట అంచున నిలబడి ఉందన్నమాట. ఉదాహరణకు "తిరుపతి నుంచి కాణిపాకం టెంపో ట్రావెలర్" అన్నది అక్కడ కనిపిస్తే, మీ కారు పేజీలో టెంపో ట్రావెలర్ ఊసే ఉందో లేదో చూడండి. లేకపోతే సీట్లెన్ని, ధరెంత, ఎక్కడ ఎక్కించుకుంటారు అని నాలుగు లైన్లు, ఒక ఫోటో పెట్టండి. బండ్ల గురించి వేరే పేజీ ఉంటే దానికి లింకు ఇవ్వండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో పైనున్న పెట్టెలో ఆ పేజీ అడ్రస్ వేసి, మళ్లీ చూడమని గూగుల్‌ను అడగండి. మూడు నాలుగు వారాలు దాన్ని కదపకుండా వదిలేసి, అదే మాట స్థానం ఎలా మారిందో చూశాకే రెండో మాట పట్టుకోండి.